తంగేడుకు ముళ్లుంటాయా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో 'రోడ్డు పక్క ముళ్లపొదల తొలగింపు' అని ఫొటోతో సహా వేశారు. ఆ ఫొటోలో జేసీబీ పళ్లకు చిక్కి వేలాడుతున్నది తంగేడు. తంగేడుకు ముళ్లుండవు. మా ఇంట్లో ఆరేళ్ల పిల్లకు తెలిసిన సంగతి సుందరీకరణ చేసే సార్లకు తెలియలేదు. మీ విలేకరికీ తెలియలేదు, ఏమనుకోకండి.

శేషాచలం కొండ అంచున మాది చిన్న కాలనీ. సంక్రాంతికి మిగతా చెట్లు ఇంకా ఆకు రాలుస్తుంటే, ఆ రోడ్డు రెండు వైపులా పసుపుపచ్చగా విరగబూసేది. గొబ్బెమ్మలకు పూలు అక్కడివే. ఎండ ఎక్కే వేళ కాసేపు నిలబడితే, నల్ల తుమ్మెద పువ్వును కరుచుకుని జుమ్మని అదిరించడం కనిపించేది. ఈ పువ్వులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ కేసరాల కొసన సన్నటి రంధ్రంలోంచి రావాలి, అదిరిస్తే తప్ప రాలదు. తుమ్మెద పొట్టంతా పసుపు పూసుకుని పోయేది. ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల సంగతి సరేసరి.

మా నాయన పళ్లు తోముకున్నది తంగేడు పుల్లతో. వరిమడిలో ఎరువుగా తొక్కింది తంగేడాకు. దక్షిణాదిలో తోళ్లు పదును చేయడానికి ఒకప్పుడు ఈ బెరడే వాడేవాళ్లు. ఇప్పుడు ఎండిన పూలను 'ఆవారం టీ' అని ప్యాకెట్లలో కొంటున్నాం. షుగర్‌కు మంచిదంటారు. నేనైతే మాత్రలు మానలేదు.

నీళ్లు పోయక్కర్లేదు, మేకలు పెద్దగా ముట్టవు. బిల్లు పెట్టడానికి వీల్లేని మొక్క, అదే దాని నేరం కాబోలు. ఇప్పుడక్కడ కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు పెట్టి ట్యాంకరుతో తడుపుతున్నారు. పోయినేడు నాటినవాటిలో ఇనుప కంచెలు మాత్రం ఏపుగా ఉన్నాయి. అదే రోడ్డులో కాలువ పూడి మూడు నెలలైంది, దానికి మాత్రం జేసీబీ ఖాళీ లేదట! తెలంగాణవాళ్లు 2014లో తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. మనది మల్లె. సరే, ఆ మల్లెనైనా నాటారా అంటే అదీ లేదు.

కల్వర్టు అవతల ఇంకో పదీ పన్నెండు పొదలున్నాయి, కాయలు ఎండుతున్నాయి. జేసీబీ వచ్చేది ఎప్పుడో ఒకరోజు ముందు మీ పేపర్లో వేస్తే, గింజలైనా దులుపుకుంటాం.

– ఒక రిటైర్డ్ టీచరు, తిరుపతి