ఏం పని చేస్తున్నావని ఒక్కరైనా అడగరా?

సంపాదకులకు నమస్కారం.

మే మొదటి మంగళవారం, ఆస్తమా దినం నాడు మీ జిల్లా పేజీలో వేసిన జాగ్రత్తలు చదివి రెండు వారాలైంది. మనసు ఊరుకోక ఇప్పుడు రాస్తున్నాను. దుప్పట్లు ఎండలో వేయమన్నారు, అగరుబత్తులు మానమన్నారు, కుక్కల్ని దూరం పెట్టమన్నారు. మనిషి రోజుకు పది గంటలు ఉండే పనిచోటు గురించి ఒక్క ముక్క లేదు. రొయ్యల కంపెనీలు, వెల్డింగ్ షాపులు, కార్లకు పెయింటు కొట్టే షెడ్లు, బేకరీలు ఇన్ని ఉన్న విశాఖలో అదేం జాబితా? పెద్దయ్యాక వచ్చే ఉబ్బసంలో దాదాపు 15 శాతం పని వల్ల వచ్చేదేనని వైద్యులే చెబుతారు.

మా చెల్లెలు రొయ్యల కంపెనీలో ఒలుపు పనికి వెళ్లేది. చేరిన రెండేళ్లకు దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు పక్క గదిలోకి పిల్లికూతలు వినపడేవి. రొయ్య నల్లబడకుండా మెటాబైసల్ఫైట్ పొడి కలిపే తొట్టి పక్కనే ఆమె బల్ల. ఆ నీళ్ల నుంచి లేచే సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుకు కళ్లు మండేవి. రొయ్యలు కడిగేటప్పుడు లేచే తుంపర కూడా కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. నలుగురు డాక్టర్లకు చూపించాం. వంశంలో ఉందా, చల్లటివి తాగుతావా అన్నారే తప్ప ఏం పనమ్మా అని ఒక్కరూ అడగలేదు. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులుంటే ఇన్హేలర్ సంచిలోంచి తీసేదే కాదు. డ్యూటీకెక్కిన మూడో రాత్రికి మళ్లీ గోడకానుకుని కూర్చునే నిద్ర.

చివరికి ఒక ఛాతీ వైద్యురాలు అడిగారు, సెలవు రోజుల్లో ఎలా ఉంటుందని. ఒక చిన్న గొట్టం ఇచ్చి, అందులో ఊది ముల్లు ఎక్కడ ఆగిందో రోజుకు నాలుగుసార్లు, నాలుగు వారాలు రాయమన్నారు. ముల్లు ఎంత పైకి వెళ్తే ఊపిరి అంత బాగున్నట్టు. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. డ్యూటీ రోజుల్లో 210, 220. సెలవు పెట్టిన వారం చివరికి 330. ఎంత త్వరగా అక్కడి నుంచి తప్పిస్తే అంత మంచిది, ఆలస్యమైతే జబ్బు ఉండిపోతుందన్నారు.

ఆ సంగతి కంపెనీలో చెబితే గుడ్డ మాస్కు ఇచ్చారు. గుడ్డ వాయువును ఆపుతుందా? తర్వాత నెల మేస్త్రీ ఇక రావద్దన్నాడు. మేస్త్రీ కింద పని కాబట్టి ఈఎస్ఐ కార్డు కూడా లేదు.

2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 89వ సెక్షన్ ఉండేది. జాబితాలోని వృత్తి వ్యాధి కనబడితే యాజమాన్యమే కాదు, చూసిన డాక్టరు కూడా చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయాలని అందులో ఉండేది. డాక్టరు పనేమిటో అడగనప్పుడు ఏ వృత్తి వ్యాధి మీదైనా ఆ కాగితం ఎక్కడి నుంచి పుడుతుంది? ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షల్లో బీపీ, బరువు చూసి సంతకం పెట్టేస్తే సరిపోతుందా? 2020 మే 7న వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోతే మంత్రులు వచ్చారు, కమిటీలు వేశారు. రోజుకింత చొప్పున ఊపిరి పోతున్నవాళ్ల దగ్గరకు ఏ అధికారీ రాడు. పాతనగరంలో పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము మీద ఎన్నేళ్లుగా అర్జీలు పెడుతున్నారో మీకూ తెలుసు.

మీ డాక్టరు శీర్షికలో ఈ రెండు ప్రశ్నలైనా వేయండి: ఏం పని చేస్తున్నారు? సెలవుల్లో తగ్గుతోందా? అధికారులు ముందు ఆ తొట్ల మీద గాలి లాగే ఫ్యాన్లు పెట్టించాలి. మా చెల్లెలి బల్ల దగ్గర ఇప్పుడు ఇంకో అమ్మాయి నిలబడుతోంది.

– ఒక పాఠకుడు, మల్కాపురం, విశాఖపట్నం