గ్రామాభివృద్ధి సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒకటే: ఊరివాళ్ల లెక్క రాయడం. మిగిలినవి ఏటా ఉండేవే. బతుకమ్మలు వదిలే చెరువు మెట్లు కడిగించాం, బడి గేటుకు రంగు వేయించాం. జమాఖర్చుల పట్టీ పంచాయతీ గోడకు అంటించాం, చూసుకోవచ్చు.

లెక్క ఎందుకంటే, ఊరి జనాభా ఎంతని ఎక్కడ అడిగినా ఇప్పటికీ 2011 నాటి అంకే చెబుతున్నారు. 2021లో జరగాల్సిన జనగణన కరోనాతో ఆగిపోయింది. మన బడిలో ఉన్న పిల్లలెవరూ ఆ అంకెలో లేరు. ఆ అంకెలో ఉన్న పెద్దలు కొందరు ఇప్పుడు ఊళ్లో లేరు, భూమ్మీదే లేరు. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు మాత్రం జనాభాను చూసే వస్తాయి. ఆ లెక్క రాసినప్పుడు మనది వరంగల్ జిల్లా. 2016లో వరంగల్ రూరల్ అయింది, 2021లో మళ్లీ వరంగల్ అయింది. ఊరు కదల్లేదు.

దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాం. సూరత్, భీవండి మగ్గాల నుంచి, హైదరాబాద్ నుంచి అందరూ వచ్చి ఊరు నిండేది ఆ ఒక్కరోజే. ఈసారి పండుగ అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడింది. ముక్క ముందురోజే తెచ్చుకోనివాళ్లు పప్పుచారుతో సరిపెట్టుకుని, ఆ కోపం మా బల్ల మీద చూపించారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్‌బలయ్ తీసుకుని, "నన్ను ఎక్కడి మనిషిగా రాస్తారు?" అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో తోచలేదు. ఓటు ఇక్కడ, గ్యాస్ బండ అక్కడ. రేషన్ కార్డు ఇక్కడ, పిల్లల చదువు అక్కడ. చివరికి మూడు గడులు గీశాం: ఊళ్లో ఉండేవాళ్లు, పండుగకు వచ్చేవాళ్లు, చావుకు మాత్రమే వచ్చేవాళ్లు. మూడో గడి పేరు మార్చమని కొందరు పట్టుబట్టారు. మార్చలేదు.

తాళాలు వేసిన వీధిలో ఒక అవ్వ కొంగుముడి విప్పి తాళంచెవుల గుత్తి చూపించింది. ఒక్కో చెవికి ఒక్కో రంగు గుడ్డపేలిక. ఎర్రది సూరత్ వాళ్లది, నీలంది హన్మకొండలో ఉంటున్న టీచరమ్మది. ఎవరింట్లో చెద పట్టిందో, ఎవరి పెంకు జారిందో ఆమెకే తెలుసు. ఆ వీధి లెక్క ఆమె చెప్పిందే రాసుకున్నాం.

అక్టోబర్ నెలాఖరులో మొంథా తుపాను వడ్లనూ పత్తినీ తడిపేయడంతో రాత ఆగింది. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలకు జనం రావడంతో మళ్లీ సాగింది.

ప్రభుత్వ జనగణనలో ఇళ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే రాస్తారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వేకు కిక్కిరిసిన బస్సుల్లో వచ్చినట్టు ఈసారీ రమ్మని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. కూలి పోగొట్టుకుని ఇక్కడికి రావడం ఎందుకు? ఏడాది పొడుగునా మీరు నీళ్లు తాగేది అక్కడ. అక్కడే రాయించుకోండి, రెండుచోట్లా వద్దు. మన పట్టీలో మీ పేరు ఎలాగూ ఉంటుంది.

పేర్లు తప్పుగా పడినవాళ్లు కార్యదర్శికి ఫోను చేయండి. పచ్చ పేలిక తాళంచెవి ఇంటివాళ్లు వానలకు ముందే వచ్చి పెంకులు సర్దించుకోవాలని అవ్వ చెప్పమంది.