ముందు సమ్మెట పట్టు

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

మొన్న ఫోన్లో నువ్వు మీ నాన్నని అడిగిన ప్రశ్నలూ, ఆయన చెప్పిన జవాబులూ పక్కనే కూర్చుని విన్నాను. "ఇనుము ఎంత కాలాలి నాన్నా" అంటే "కాలినంత" అన్నారు. "నూనెలో ఎప్పుడు ముంచాలి" అంటే "చూస్తే తెలుస్తుందిరా" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ మేడ్చల్ దగ్గర షెడ్డు అద్దెకి తీసుకుని శనాదివారాలు కొలిమి వెలిగిద్దామనుకుంటున్న నలుగురు సాఫ్ట్‌వేర్ పిల్లలకి అది చాలదు. అందుకే నేను రాస్తున్నాను. సమ్మెట వేసే మనిషికి తన వంతు వచ్చేదాకా ఇనుము రంగు చూడ్డం తప్ప వేరే పనుండదు. కాబట్టి కొన్ని సంగతులు ఆయన కంటే నేనే విడమరిచి చెప్పగలను. డిగ్రీలూ అవీ మాత్రం నీ చెల్లి తన పాలిటెక్నిక్ పుస్తకాలు చూసి చెప్పింది.

కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు మీ నాన్నకే కొలిమి వీడియోలు పంపుతున్నావని మీ బాబాయి ఒకటే నవ్వు. అయినా ఆయన అన్నీ చూశారు. అందులో నిలబడి పనిచేసే దాగలి, అదే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, ఆయనకి నచ్చింది. మనవాళ్ళు కింద కూర్చుని చేస్తారు, నీకు మోకాళ్ళకి ఆ అలవాటు లేదు, నిలబడే చెయ్యి. చేతులు కిందికి వదిలి నిలబడితే పిడికిలి కణుపులు ఎక్కడికి వస్తాయో దాగలి పైభాగం అక్కడుండాలి. అంతకంటే కిందికుంటే నడుం పోతుంది, పైకుంటే భుజం పోతుంది.

దాగలి కోసం వేలకి వేలు పెట్టకు. రైలు పట్టా ముక్క దొరుకుతుందని ఎవరో చెప్పారన్నావు. బిల్లు లేకుండా దాని జోలికి వెళ్ళకు. రైల్వే సామాను అక్రమంగా దగ్గరుంచుకుంటే 1966 చట్టం కింద కేసు పెడతారు. పాత ఇనుప కొట్లో పెద్ద సమ్మెట తల ఒకటి కొనుక్కో. తుమ్మ మొద్దులోనో చింత మొద్దులోనో గుంట తొలిచి, ఒక మొహం పైకి వచ్చేలా కదలకుండా దిగ్గొట్టు. మొదట్లో నువ్వు చేసే పనికి అంత మొహం చాలు. సుత్తి కేజీ దాటకూడదు. బరువు సుత్తి పట్టుకుంటే పని తొందరగా అవుతుందనుకుంటారు గానీ, చెయ్యి అలిసిపోయాక ఒక్క దెబ్బా అనుకున్న చోట పడదు.

కొలిమికి లారీ బ్రేక్ డ్రమ్ము, కింద నుంచి ఒక పైపు, చిన్న బ్లోయర్ చాలు. లోపల బంకమట్టిలో ఊక కలిపి మెత్తి, నిదానంగా ఆరనివ్వు. మన డెల్టా మట్టి అక్కడ ఉండదు, కుమ్మరివాళ్ళ దగ్గర అడుగు. బొగ్గు ఏదైనా ఫరవాలేదు. రాక్షసి బొగ్గయితే అడుగున చిట్టెం కడుతుంది, మధ్యమధ్యలో లాగేస్తూ ఉండాలి, లేకపోతే గాలి ఆడదు. కొబ్బరి చిప్పల బొగ్గు మంచి వేడినిస్తుంది గానీ చకచకా కాలిపోతుంది. ఇక్కడైతే చిప్పలకి కొదవ లేదు, అక్కడ కొనాలంటే దండగ. ఇనుముని గాలి నోటి దగ్గర పెట్టకు. బొగ్గుల మధ్యలో, పైన కూడా నిప్పు కప్పి, అడ్డంగా పడుకోబెట్టు. గాలి నేరుగా తగిలితే ఇనుము వేడెక్కడం కంటే పొలుసులు రాలిపోవడం ఎక్కువ.

షెడ్డుకి షట్టర్ ఒక్కటే ఉందన్నావు. అది ఎత్తే ఉంచాలి, ఎదురుగా ఇంకో కిటికీ కూడా తెరిచి ఉండాలి. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే పని వదిలేసి బయటికి వచ్చెయ్యండి.

జీఐ పైపు, జింకు పూత ఉన్న రేకు, మేకు, బోల్టు ఏదీ నిప్పులో పెట్టొద్దు. జింకు 907 డిగ్రీలకి మరిగి ఆవిరైపోతుంది, కొలిమి వేడి దాన్ని దాటే ఉంటుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. మన పక్క ఊరాయన గేటు పనికని పాత పైపులు కాల్చి, రాత్రంతా దుప్పటి కింద వణికిపోయాడు. మలేరియా అని మందులు కూడా మింగాడు పాపం. క్రోమ్ పూత ఇంకా చెడ్డది. రెండువైపులా మూసుకుపోయిన గొట్టం ఉంటే నిప్పులో అది పేలుతుంది.

బట్టలు కాటన్‌వే వేసుకో. పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. తోలు బూట్లు వేసుకో, ప్యాంటు బూటు మీదకి ఉండాలి, లోపలికి దోపకూడదు. కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ విషయంలో మీ నాన్నని చూసి నేర్చుకోకు. ఎర్రగా ఉన్న ఇనుముతో చెయ్యి కాల్చుకునేవాళ్ళు తక్కువ. రంగు పోయి నల్లగా పడున్న ముక్కని "చల్లారిందిలే" అని పట్టుకునేవాళ్ళే ఎక్కువ. నల్లగా ఉన్నా మూడు నాలుగు వందల డిగ్రీలుండొచ్చు. ముందు అరచేతి వెనకవైపు దగ్గరగా పెట్టి సెగ చూడు.

ఇప్పుడు అసలు సంగతి. నలుగురున్నారు కదా, అది మీ అదృష్టం. నువ్వు పంపిన వీడియోల్లో మనిషి ఒక్కడే కనబడతాడు. ఒక్కడూ చెయ్యలేడని కాదు, ఒక్కడే అయితే నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. తన చేతిలో ఏం తప్పు జరుగుతోందో తనకి కనబడదు. మన కొలిమిలో ఒకరు ఇనుము పట్టుకుని చిన్న సుత్తితో చోటు చూపిస్తారు, ఒకరు సమ్మెట వేస్తారు, ఒకరు గాలి చూసుకుంటారు. చిన్న సుత్తి ఎక్కడ పడితే సమ్మెట అక్కడే పడాలి, అది ఎంత గట్టిగా పడితే దానికి తగ్గట్టే ఇదీ పడాలి. సుత్తి ఇనుము దాటి దాగలి మీద టంగుమంటే సమ్మెట ఆగిపోవాలి. ఆగకపోతే అవతలి మనిషి అప్పటికే ఇనుము తీస్తూ ఉంటాడు, వేళ్ళు అక్కడే ఉంటాయి. సమ్మెట తిరిగే దారిలో ఎవరూ నిలబడకూడదు. పని మొదలెట్టే ముందు సమ్మెట కర్ర వదులైందేమో, అందులో దిగ్గొట్టిన చీల కదిలిందేమో చూసుకోవాలి.

అందుకని నువ్వు కొన్నాళ్ళు సమ్మెట వెయ్యి. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మీ తాతయ్య నాకు ముందు ఇచ్చింది అదే. సమ్మెట వేస్తే ఇనుము ఏ రంగులో మెత్తగా ఉంటుందో, ఏ రంగులో తిరిగి తంతుందో చేతికి తెలుస్తుంది. నలుగురూ వంతులు మార్చుకోండి. మీ జట్టులో ఒక అమ్మాయి ఉందన్నావు. ఆ పిల్లకి బ్లోయర్ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టకండి. మనిళ్ళల్లో సమ్మెట ఆడవాళ్ళే వేశారు. కత్తి బాగుంటే పేరు మాత్రం సుత్తికే వచ్చేది, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాలే.

రంగు చూడాలంటే చుట్టూ వెలుతురు తక్కువుండాలి. ఎండలో ఎర్రగా కాలిన ఇనుము కూడా నల్లగానే కనబడుతుంది. అందుకే మన కొలిమి మీద పాక అంత కిందికి వంచి వేశారు. మామూలు మెత్తటి ఇనుమైతే పసుపు రంగు దాకా, అంటే 1100 డిగ్రీల పైన, కాల్చి కొట్టు. ఎరుపు మసకబారగానే మళ్ళీ నిప్పులో పెట్టెయ్. ఇంకో రెండు దెబ్బలు వేద్దామనే ఆశతోనే ముక్కలు చీలతాయి. నిప్పులోంచి కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మిందంటే ఇనుమే కాలిపోతోందని లెక్క, ఆ కొస నరికి పారెయ్యాల్సిందే.

మొదట కత్తి చెయ్యకు. ఈ మాట నీకు నచ్చదని తెలుసు. 10 ఎంఎం చదరపు చువ్వ కొని కొక్కేలు చెయ్యి. కొస సన్నం చేసేటప్పుడు అందరూ నేరుగా గుండ్రంగా చెయ్యబోతారు, లోపల చీలిపోతుంది. ముందు నాలుగు పలకలుగానే సన్నం చెయ్యాలి, తర్వాత మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాత గుండ్రం. ఒక కొక్కెం కుదిరాక దానికి జతగా సరిగ్గా అలాంటిదే ఇంకోటి చెయ్యి. ఆ రెండోది చేసేటప్పుడే నేర్చుకుంటావు. తర్వాత శానం, అంటే ఇనుము నరికే ఉలి, తర్వాత పట్టకారు. నీ పట్టకారు నువ్వు చేసుకున్నాక కత్తి మాట మాట్లాడదాం.

కత్తికి లారీల కింద ఉండే కమాన్ పట్టీ మంచిది. ఏ ఇనుమో తెలియని ముక్కయితే గ్రైండర్ మీద పెట్టి చూడు. మెత్తటి ఇనుము రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, కార్బన్ ఎక్కువున్నది చివర పూలు పూస్తుంది. రోడ్డు మీద అరిగిన పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్ళుంటాయి, కమాన్లు కట్టే షాపులో కొత్త ముక్కలు అడుగు. కత్తి ఆకారం వచ్చాక మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి వదిలెయ్, లోపలి బిగువు పోతుంది. గట్టిపడేలా నూనెలో ముంచడానికి మీ నాన్నకి కన్నే కొలత. నీకు అయస్కాంతం కొలత. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతాన్ని అంటుకోవడం మానేస్తుంది. అది దాటి కాస్త కాలనిచ్చి, గోరువెచ్చగా చేసిన వంటనూనెలో నిటారుగా ముంచు. అటూ ఇటూ ఊపితే వంకరపోతుంది. నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, మూత పక్కనే ఉండాలి, మంట లేస్తే మూసెయ్యడానికి. ఆకురాయి పెట్టి రుద్దితే జారిపోవాలి. జారితే గట్టిపడినట్టే, కానీ అప్పుడది గాజులా విరిగే స్థితిలో ఉంటుంది. ఆ పెళుసు తగ్గడానికి ఆలస్యం చెయ్యకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల్లో గంటసేపు, చల్లారాక మళ్ళీ గంటసేపు ఉంచు.

మీ నాన్నకి ఓవెన్ ఎక్కడిది. ఆయన కత్తి అంచు మాత్రమే నీళ్ళలో ముంచి తీసి, ఇసుకరాయి మీద ఒక్కసారి రుద్ది చూస్తూ ఉంటారు. వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంటే ముందు లేత పసుపు, తర్వాత ముదురు, తర్వాత ఊదా, నీలం వస్తాయి. తనకి కావాల్సిన రంగు అంచుకి చేరగానే మొత్తం ముంచేస్తారు. "చూస్తే తెలుస్తుందిరా" అన్నది ఇదే. అయితే అది మన కొడవళ్ళ పద్ధతి, కమాన్ పట్టీని నీళ్ళలో ముంచితే టప్పున పగిలే ప్రమాదముంది.

డమాస్కస్ కత్తి అని రాశావు. ఆ పేరు తెచ్చిన ఉక్కు మన తెలంగాణ వైపు కోనసముద్రంలో కూడా చేసి పర్షియా దాకా పంపేవారట, చెల్లి చదివి వినిపించింది. ఇప్పుడా పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కుని కలిపి అతికి, మడిచి కొట్టినవి. అది చాలా దూరం పని. పొడుగాటి యుద్ధపు కత్తుల్లాంటివి అసలే వద్దు. ఇంటి పనికో, పొలం పనికో కాకుండా తొమ్మిది అంగుళాలు దాటిన కత్తి బ్లేడుకి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి.

చేసినవి ఫొటోలు తీసి దాచుకోవద్దు. వాడేవాళ్ళకి ఇవ్వు. మన కొలిమికి పని నేర్పింది వాడేవాళ్ళే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవలు పారాక, ఈ లంకల్లో, ఊళ్ళల్లో వరి పెరిగింది, సార్వాకీ దాళ్వాకీ కొడవళ్ళు కావాలి, ఆ గిరాకీ మీదే మీ ముత్తాత ఇక్కడ పాక వేశాడు. కోత మిషన్లు వచ్చాక కొడవళ్ళు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు మనకి మిగిలింది కొబ్బరి. దింపు తీసేవాళ్ళు కత్తి తెచ్చి "వంపు ఇంకాస్త లోపలికి తిప్పు బాబాయ్, చెట్టు మీద మణికట్టు లాగేస్తోంది" అంటారు. ఒలుపు పనివాళ్ళు కాయ ఒలిచే మొన తెచ్చి "ఇక్కడ పీచు పట్టేస్తోంది" అంటారు. ఇంజనీరుకి కూడా అంత తెలీదు. నువ్వు మీ అపార్ట్‌మెంట్ తోటమాలికి ఒక చిన్న తవ్వుకోల చేసి ఇవ్వు. నెల తర్వాత వెళ్ళి ఏం బాలేదో అడుగు. బాగుందని మర్యాదకి అంటాడు, కాబట్టి మాట వినకు, అది ఎక్కడ అరిగిందో చూడు.

అక్కడ బండ్ల కమాన్లు కట్టే కొలిమిలు ఇంకా ఉంటాయి. వెళ్ళేటప్పుడు కెమెరా తీసుకెళ్ళకు, టీ తీసుకెళ్ళు. సమ్మెట వేసే మనిషి రాని రోజు చూసి "నేను వేస్తానండి" అను. ఎవరూ కాదనరు.

మీ బాబాయి చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. కమ్మరం అందులోని 18 వృత్తుల్లో ఒకటి. పనిముట్లకి 15,000, శిక్షణ రోజుల్లో రోజుకి 500, తర్వాత అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష అప్పు. నీకు ఆశ వద్దు, అది ఈ పని మీదే బతికేవాళ్ళకి. దరఖాస్తులో ఏదో వేలిముద్ర తిరకాసు వచ్చిందట, వచ్చినప్పుడు కాస్త చూసిపెట్టు.

అంతర్వేది తీర్థానికి ఎలాగూ వస్తావు కదా, రెండ్రోజులు ముందు రా. మీ నాన్న ఎదురుగా సమ్మెట నువ్వు వేద్దువు గాని, నాకూ భుజానికి సెలవు.

బస్సు పార్సిల్లో పట్టకార్లు రెండు పంపిస్తున్నాను. ఒకటి పలక ముక్కలకి, ఒకటి గుండ్రటి చువ్వలకి. గుండ్రటిదాని రివెట్టు బిగుసుకుంది. రివెట్టు దగ్గర ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉండు, సరిపోతుంది. నీళ్ళలో మాత్రం ముంచకు.

అమ్మ