తెల్ల తలుపులు పసుపెక్కడం గురించి మా ఖాతాదారులకు

వనస్థలిపురంలో ఒక ఇంటి గృహప్రవేశానికి మా రంగుల దుకాణం నుంచి ఇచ్చిన, తలుపులకు వేసే తెల్లని గ్లాసీ ఎనామిల్ ఏడాది తిరగకముందే పసుపెక్కిందని ఆ ఇంటి అమ్మగారు ఫోన్ చేసినప్పుడు, మేము మొదట చెప్పిన సమాధానం సరైనది కాదు. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే ఇల్లు కాబట్టి ఆ పసుపే అంటి ఉంటుందని మా గుమస్తా అన్నాడు, నేనూ కాదనలేదు. మర్నాడు మేము వెళ్లేసరికి ఆవిడ ఒక తడిగుడ్డకు బట్టల సబ్బు పట్టించి సిద్ధంగా ఉన్నారు. సున్నం తగిలితే పసుపు కుంకుమ రంగుకు తిరుగుతుందని మనకు తెలిసిందే, సబ్బు తగిలినా అంతే. దర్వాజా అడుగున రుద్దితే గుడ్డ ఎర్రబడింది. పడకగది అల్మారా తలుపు లోపలి వైపు రుద్దితే గుడ్డకూ, రంగుకూ ఏ మార్పూ లేదు. వంటింటి పసుపు చేరే వీలు లేని ఆ అల్మారా లోపలే అన్నిటికంటే ఎక్కువ పచ్చదనం కనిపించింది.

ఆ తరువాత మరికొందరు కూడా ఇదే సంగతి చెప్పారు. అందుచేత తెల్ల ఎనామిల్ విషయంలో ఇంతకాలం మేము ఏమి అమ్ముతూ వచ్చామో, ఇకపై ఏమి మార్చుకుంటున్నామో ఇక్కడ దాచకుండా రాస్తున్నాము.

మనం ఆయిల్ పెయింట్ అని పిలిచే ఎనామిల్‌లో తెల్లదనం ఇచ్చేది టైటానియం డయాక్సైడ్, అది పసుపెక్కదు. పసుపెక్కేది దాన్ని పట్టి ఉంచే ఆల్కిడ్ అనే జిగురు పదార్థం. అవిసె నూనె, సోయా నూనె వంటి ఆరే నూనెలతో తయారయ్యే ఈ ఆల్కిడ్, టర్పెంటైన్ ఆవిరి కాగానే ఆరిపోయినట్టు కనిపించినా, నిజానికి గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ చాలాకాలం గట్టిపడుతూనే ఉంటుంది. ఆ క్రమంలోనే పచ్చని ఛాయ పుడుతుంది. అవిసె నూనెలో లినోలెనిక్ ఆమ్లం సగానికి సగం ఉండడం వల్ల దానితో చేసిన రంగు త్వరగా పసుపెక్కుతుంది, సోయా నూనెతో చేసినది కొంత నెమ్మదిగా పసుపెక్కుతుంది. పగటి వెలుతురు ఈ పచ్చదనాన్ని మళ్లీ విరగ్గొడుతూ ఉంటుంది కాబట్టి కిటికీ పక్క తలుపు తెల్లగానే ఉండి, అల్మారా లోపలా, క్యాలెండర్ వేలాడే చోటా, ఎప్పుడూ తెరవని స్టోర్ గది తలుపు మీదా రంగు మారుతుంది. ఎండ తగిలితే రంగు పాడవుతుందని అనుకునే మనకు ఇది వింతగా తోస్తుంది. ఆ ఇంటి అల్మారా తలుపును మడతబందులు విప్పి బాల్కనీలో కొన్నాళ్లు ఉంచితే చాలావరకు తెల్లబడింది. తిరిగి బిగించాక మళ్లీ పచ్చబడుతుందని ముందే చెప్పాము.

మా అసలు తప్పు మరొకటి ఉంది. ముహూర్తం దగ్గర పడుతోందని గోడలకు ఎమల్షన్, తలుపులకు ఎనామిల్ ఒకే వారంలో వేయించి, ఇంటికి తాళం వేసి వచ్చాము. తాజా ఎమల్షన్ నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి మూసిన ఇంట్లో నిలిచిపోతే, కొత్త ఆల్కిడ్ తెలుపు చాలా త్వరగా పచ్చబడుతుంది. గోడల పని ముగించి, కొన్ని రోజులు కిటికీలు బార్లా తెరిచి ఉంచి, ఆ తరువాతే తలుపులకు చివరి చేయి వేయాలని తెలిసి కూడా తొందరపడ్డాము. అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్‌తో తెల్ల తలుపులు తుడవడం కూడా మంచిది కాదు.

ఇకపై లోపలి తలుపులకు, దర్వాజాలకు తెల్లరంగు కావాలన్నవారికి మేము మొదట చూపేది నీటితో పలచన చేసే అక్రిలిక్ ఎనామిల్. ఇది నూనెలాగా ఆక్సిజన్‌తో ఆరేది కాదు కాబట్టి ఆ రకమైన పసుపు దీనికి రాదు. డబ్బా మీద నీటితో కలపాలని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. నీటిలో కలిసే ఆల్కిడ్‌లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి, వాటిలో నూనె స్వభావం ఉంటుంది. కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రంలో బైండర్, అంటే జిగురు పదార్థం పేరు అక్రిలిక్ అని ఉందా, ఆల్కిడ్ అని ఉందా చూడాలి. ఆ పత్రాన్ని అడిగితే మేమే తీసి చూపుతాము. తెలుపులో ఒక చుక్క నీలం స్టెయినర్ వేస్తే సరిపోతుందని చెప్పే పెయింటర్లు ఉన్నారు. కొత్తలో కంటికి తెల్లగానే కనిపిస్తుంది గాని, నూనె తన పని మానుకోదు.

అక్రిలిక్ ఎనామిల్‌కూ లోపాలు ఉన్నాయి. మెరుపు ఆయిల్ పెయింట్ కంటే ఒక పాలు తక్కువ. మన ఊరి మే నెల వేడిలో కుంచె మీదే ఆరిపోతుంది, గీతలు మిగులుతాయి. పొద్దున్నే పని మొదలుపెట్టాలి, వేసిన చోట మళ్లీ మళ్లీ కుంచె తిప్పకూడదు. అంటుకోకుండా ఆరడానికి గంట చాలు, పూర్తిగా గట్టిపడడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా తలుపు గట్టిగా మూసి ఉంచితే రెక్క దర్వాజాకు అతుక్కుంటుంది. పాత ఆయిల్ పెయింట్ మీద నేరుగా వేస్తే పొరలుగా లేచిపోతుంది. మెరుపు పూర్తిగా పోయేదాకా సాండ్ పేపర్ పట్టి, కడిగి, ప్రైమర్ వేయక తప్పదు. విషపూరితమైన సీసం మోతాదు 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించరాదన్న నిబంధన గృహాల రంగులకు 2017 నవంబరు నుంచి అమలైంది కాబట్టి, అంతకు ముందరి రంగును పొడిగా గీకకుండా తడిపి రుద్దమంటున్నాము. పిల్లలు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి.

టేకు దర్వాజాల సంగతి వేరు. టేకులోని సహజ తైలం, చెక్కలోని రంగు నీటి ప్రైమర్‌లోకి ఊరి గోధుమరంగు మరకలుగా పైకి తేలుతాయి, దాన్ని చూసి రంగే పచ్చబడిందని పొరబడతాము. అలాంటి చెక్కను ముందు థిన్నర్‌తో తుడిచి, లక్క ఆధారంగా చేసిన మరకలు ఆపే ప్రైమర్ వేశాకే లప్పం, ఆపై తెలుపు. టేకును అసలు తెల్లరంగుతో కప్పడం ఎందుకని నాకు అనిపిస్తుంది, కానీ ఇల్లు మీది.

ఎండీఎఫ్ (చెక్క నారను అతికించి చేసిన పలక) వార్డ్‌రోబ్ తలుపులకు అద్దంలాంటి మెరుపు కావాలంటే రెండు భాగాల పాలియూరిథేన్ ఉంది. దాని హార్డెనర్, అంటే గట్టిపరిచే రెండో భాగం, అలిఫాటిక్ రకమైతేనే తెలుపు నిలుస్తుంది, ఆరోమాటిక్ రకం వెలుతురుకు పచ్చబడుతుంది. స్ప్రే చేసేవారు సరైన శ్వాస మాస్క్ పెట్టుకోనిదే ఆ పని మేము చేయించము.

ఆయిల్ ఎనామిల్ అమ్మడం మానడం లేదు. ముదురు రంగులకూ, గ్రిల్స్‌కూ అది చక్కగా పనికొస్తుంది. తెలుపులోనూ అదే కావాలన్నవారికి మీగడ ఛాయ ఉన్న తెలుపును సూచిస్తాము, రాబోయే మార్పు అందులో అంతగా తెలియదు. ఎప్పటికీ పసుపెక్కదు అనే మాట మాత్రం మా బిల్లు మీద గాని, మా నోటి వెంట గాని రాదు. వనస్థలిపురం ఇంట్లో అల్మారా లోపలి భాగాలకు, మూడు తలుపులకు సంక్రాంతి లోపు మా ఖర్చుతోనే అక్రిలిక్ వేయిస్తున్నాము. గోడలు, తలుపులు ఒకే వారంలో మా చేత వేయించుకున్న మిగతావారు కూడా అల్మారాలు తెరిచి చూసి, రంగు మారి ఉంటే బిల్లుతో దుకాణానికి రాగలరు.