మెడకీ మేడకీ తేడా చూడని పరీక్ష

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ చదువుల పేజీలో భాషా పరీక్షలకి సంబంధించిన మాటలకి అర్థాలు వేశారు. సప్రమాణత (పరీక్ష కొలవాల్సినదాన్నే కొలవడం), విశ్వసనీయత (ఎవరు దిద్దినా మార్కులు నిలకడగా ఉండడం), నిర్మాణాత్మక మూల్యాంకనం (పాఠం సాగుతుండగా చూసేది), సంగ్రహణాత్మక మూల్యాంకనం (పాఠాలన్నీ అయ్యాక చూసేది), అన్నీ వరసగా. డీఎస్సీకి చదివేవాళ్ళు కత్తిరించి దాచుకునే ఉంటారు, మా వీధిలో ఒకమ్మాయి దాచుకుంది కూడా. అర్థాల్లో తప్పేం లేదు. కానీ చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది, మీ మీద కాదు లెండి, ఇవన్నీ బట్టీ పట్టి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు పిల్లల చేతికి ఎలాంటి పేపరు ఇస్తున్నారో మొన్న జూన్‌లో కళ్ళారా చూశాను గనక.

మాది పర్లాకిమిడి. ఒడిశా అన్నమాటే గానీ మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. సాయంత్రాలు మా అరుగు మీద పదిమంది పిల్లలకి తెలుగు రాయడం నేర్పుతుంటాను, ఫీజు గీజు ఏమీ లేదు. మా అన్నయ్య కూతురూ అందులో ఒకతె. అయిదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివింది. అన్నయ్యకి ఏటి అవతల పని దొరకడంతో ఈ ఏడు అక్కడ ఆరో తరగతిలో చేర్చాం. చేరిన మూడో రోజే తెలుగు పరీక్ష పెట్టారు, పాతిక మార్కులకి. నాలుగొచ్చాయి. మర్నాడే తీసుకెళ్ళి వెనకబడ్డ పిల్లల సెక్షన్‌లో కూర్చోబెట్టారు.

ఆ పేపరు నేను చూశాను. ఈ పద్యం పూరించండి, ఈ పాఠం రాసిన కవి గురించి నాలుగు వాక్యాలు రాయండి, ఇలా అంతా అక్కడి అయిదో తరగతి పుస్తకంలోంచే. ఆ పుస్తకం మా గుంట కంటితో చూసి ఎరగదు. చెప్పిన పాఠం ఎంత వంటబట్టిందో చూసేది సాధన పరీక్ష. కొత్తగా వచ్చిన పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చేది ఇంకో రకం, దాన్ని ప్లేస్‌మెంట్ టెస్ట్ అంటారు. పిల్లకి ఎక్కడ అడ్డుపడుతోందో వెతికేది లోప నిర్ధారణ పరీక్ష. మీ పేజీలో ఈ మూడూ మూడు వరసల్లో ఉన్నాయి, బడిలో మాత్రం మూడింటికీ ఒకటే పేపరు. సాధన పరీక్షగా దాన్ని అక్కడి పిల్లలకి పెడితే నేను ఒక్క మాట అనను. సప్రమాణత అనేది పేపరుకి అతుక్కుని ఉండే గుణం కాదండీ, ఆ మార్కులు పట్టుకుని మనం ఏం నిర్ణయిస్తున్నామో దాన్నిబట్టి ఉంటుంది.

మరి దానికి తెలుగు వచ్చా అంటే, వచ్చు. మా వీధిలో కొమ్ము పని చేసే ఒకాయన గురించి పేజీన్నర రాసింది. కొమ్ముని వేడి చేసి వంచడం, చెక్కడం, ఆ పొడి ఆయన కనుబొమల మీద పడి తెల్లగా కనిపించడం, అన్నీ ఉన్నాయి. కాకపోతే కొమ్ముని ‘కోమ్ము’ అని, కొంగని ‘కోంగ’ అని, కోడిని ‘కొడి’ అని రాసింది. చివర్లో ఆయనకి ‘మేడ నొప్పి’ అట. ఎర్ర సిరాతో సున్నాలు చుడితే పందొమ్మిది వచ్చాయి. నిదానంగా చూస్తే పదహారు ఒకటే తప్పు. ఒడియా లిపిలో ఎ, ఏ లకి కలిపి ఒకటే అక్షరం, ఒ, ఓ లకీ ఒకటే. ‘తెలుగు’ అని ఒడియాలో రాసింది మనం ఉన్నదున్నట్టు చదివితే ‘తేలుగు’ అవుతుంది. అయిదేళ్ళు ఆ లిపిలో చెయ్యి తిరిగిన పిల్లకి ఎత్వం ఏత్వం తేడా ఎవరూ విడిగా చెప్పలేదు, అంతే. దానికి కావలసింది మూడు వారాల అభ్యాసం, వేరే సెక్షన్ కాదు.

అదే వ్యాసాన్ని నకలు తీయించి తెలిసిన ఇద్దరు రిటైర్డ్ టీచర్లకి ఇచ్చాను, ఒకరికి ఇచ్చినట్టు ఇంకొకరికి చెప్పకుండా. ఒకాయన ఇరవైకి పద్నాలుగు వేశారు. ఇంకొకాయన ఆరు, తప్పు తప్పుకీ కోసుకుంటూ పోయారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ తెలుగు నాకన్నా బాగా వచ్చు. భావానికి ఎన్ని మార్కులు, అక్షరదోషాలకి ఎన్ని, ఒకే తప్పు పదహారు సార్లు వస్తే ఒకటిగా లెక్కా పదహారుగా లెక్కా అన్నది దిద్దేముందు ఎవరూ మాట్లాడుకోలేదు. విశ్వసనీయత లేదంటే ఇదే, దానికి విరుగుడుగా పుట్టిందే రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో దిద్దేముందే రాసిపెట్టుకునే పట్టిక.

దీనికి భయపడే అందరూ బిట్ పేపర్లకి ఎగబడతారు. టీచర్ల అర్హత పరీక్ష సీటెట్ మొదటి పేపరే చూడండి, 150 ప్రశ్నల్లో మొదటి భాషకి 30, రెండో భాషకి 30, అన్నీ బిట్లే. ఎవరు దిద్దినా అవే మార్కులు, విశ్వసనీయత పుష్కలం. కానీ రేపు పిల్లలకి రాయడం నేర్పాల్సిన మనిషి ఆ పరీక్షలో సొంతంగా ఒక్క వాక్యం రాయనక్కర్లేదు.

1953లో విల్సన్ టేలర్ అనే అమెరికా ఆయన క్లోజ్ పద్ధతి అని ఒకటి తెచ్చాడు, పేరాలో లెక్క ప్రకారం ప్రతి ఐదో మాటో ఏదో తీసేసి ఖాళీలు పూరించమనడం. మీ పేపర్లోనే ఒక వార్త తీసుకుని మా అరుగు మీద పెట్టి చూశాను. ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గానీ మన మాటలు ఒక్కోటి ఒక్కో మూట కదా, ‘వెళ్ళాల్సివచ్చిందట’ లాంటిది ఎగిరిపోతే ఇక వాక్యంలో మిగిలేదేముంది. పదో మాట చొప్పున తీస్తే బాగా పనిచేసింది. మా పిల్ల పన్నెండు ఖాళీల్లో తొమ్మిది సరిగ్గా నింపింది.

పరీక్ష ఎలా ఉంటే పాఠం అలా అయిపోతుంది, దీన్ని వాష్‌బ్యాక్ అంటారు, మీ జాబితాలో ఎందుకో ఇది లేదు. మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లల్ని పరీక్షల్లో వాడుక భాషలో రాయనివ్వమని అంతలా పోరాడింది ఇది తెలిసే అనుకుంటాను. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరే వదిలి వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం.

ఏరు దాటి వచ్చే పిల్లకి మొదటి రోజు ఒక అరగంట ఇవ్వండి చాలు. పేపర్లో ఒక పేరా చదివించండి, నాలుగు వాక్యాలు డిక్టేషన్ చెప్పండి, వాళ్ళ వీధి గురించి అరపేజీ రాయించండి. ఇద్దరు టీచర్లు చూడండి, మార్కులు వేయకండి, ఏం రాలేదో రాసిపెట్టండి. మా అన్నయ్య వెళ్ళి ఈ మాటే అడిగితే ‘సిలబస్ ప్రకారమే ఇచ్చామండీ’ అన్నారట.

పిల్ల ఇప్పుడు కొంగని కొంగ అనే రాస్తోంది. సెక్షన్ మాత్రం మారలేదు, హాఫ్ ఇయర్లీ అయ్యాక చూస్తాం అన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా