పెన్లీ పడవను మా కాలనీకి తెచ్చిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం మా కమ్యూనిటీ హాల్లో పెట్టిన లైఫ్‌బోట్ (సముద్రంలో ఆపదలో చిక్కుకున్నవాళ్లను కాపాడే పడవ) ప్రదర్శన అనుకున్నదానికంటే బాగా జరిగింది. బ్రిటన్‌లోని పెన్లీ అనే చోటి పడవ కథ అది. ఆలోచన నాదే గానీ పని చేసింది వేరేవాళ్లు. మైకు ఇస్తే ఒక్కరూ పట్టుకోలేదు, వెనక్కి వెనక్కి జరిగారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయను.

"తిరుపతిలో సముద్రం పడవ గోలేంది సార్?" అని చాలామంది అడిగారు. 2021 నవంబరు అప్పుడే మర్చిపోతే ఎట్లా? స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు కదా. మా వీధిలో ముసలివాళ్లను లారీ ట్యూబుల మీద కూర్చోబెట్టి బయటికి తెచ్చింది మెకానిక్ షెడ్డు కుర్రాళ్లు, పాలు పోసే ఆయన. వాళ్లను ఎవరూ పిలవలేదు. అలాంటివాళ్లే ఒక పద్ధతి పెట్టుకుని రెండు వందల ఏళ్లుగా పనిచేస్తున్నారని పిల్లలకు చూపించాలనిపించింది. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లను పడవల్లో వెళ్లి కాపాడే సంస్థ అది, బ్రిటన్‌లో 1824లో సర్ విలియం హిల్లరీ చొరవతో పుట్టింది, ఇప్పుడు ఆర్.ఎన్.ఎల్.ఐ. అంటారు. నడిచేది విరాళాల మీద. పడవ ఎక్కేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు.

మొదట మా తమ్ముడి కూతురికి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో నర్సుగా చేస్తోంది. డ్యూటీ లేని రోజు చూసుకుని, వానలో బస్సు పట్టుకుని, మౌజల్ అనే చేపల ఊరికి వెళ్లింది. ఊరి పక్కనే పెన్లీ పాయింట్ మీద 1913లో కట్టిన పడవల షెడ్డు, అక్కడి నుంచి ఏటవాలుగా నీళ్లలోకి దిగే స్లిప్‌వే, పక్కన స్మారక తోట, అన్నీ ఫోటోలు తీసి పంపింది. లైఫ్‌బోట్ స్టేషన్ 1983లో దగ్గర్లోని న్యూలిన్ రేవుకు మారింది. పాత షెడ్డును మాత్రం అట్లాగే ఉంచారు. ఎందుకు ఉంచారో చెప్పాలంటే 1981 డిసెంబరు 19 రాత్రి సంగతి చెప్పాలి.

యూనియన్ స్టార్ అనే కొత్త సరుకు ఓడ, మొదటి ప్రయాణంలోనే, ఎరువు వేసుకుని నెదర్లాండ్స్ నుంచి ఐర్లాండ్ వెళ్తోంది. ఇంధనంలోకి సముద్రపు నీళ్లు దిగి ఇంజన్ ఆగిపోయింది. లోపల ఎనిమిది మంది. అందులో కెప్టెన్ భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అలలు 18 మీటర్ల దాకా లేస్తున్నాయి. హెలికాప్టర్ వల్ల కాలేదు. రాత్రి 8 గంటలు దాటాక సాలమన్ బ్రౌన్ అనే 47 అడుగుల చెక్క లైఫ్‌బోట్ పెన్లీ స్లిప్‌వే మీద నుంచి దిగింది. అందులోనూ ఎనిమిది మందే. ఒకాయన ఊళ్లో పబ్బు నడుపుతాడు, ఇంకొకాయన టెలిఫోన్ల పని, మిగతావాళ్లలో చేపలు పట్టేవాళ్లున్నారు. నలుగురిని ఎక్కించుకున్నామని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత మాట లేదు. రెండు పడవల్లోని పదహారు మందీ పోయారు.

ఒక్క రోజు తిరక్కుండానే కొత్త సిబ్బందిగా వస్తామని ఊళ్లోవాళ్లు ముందుకొచ్చారు. క్రిస్మస్ దీపాలు ఆర్పేసిన ఊరికి, మళ్లీ వెలిగించండని చెప్పింది ఆ పబ్బు ఆయన భార్యే. ఇప్పటికీ ఏటా ఆ తేదీన గంటసేపు దీపాలు ఆర్పుతారు. చనిపోయిన పడవ సిబ్బంది కుటుంబాల కోసం దేశమంతా కలిసి 30 లక్షల పౌండ్లకు పైగా పోగు చేస్తే ప్రభుత్వం దానిమీద పన్ను మాట ఎత్తింది, జనం ఊరుకోలేదు. ఆ గొడవ నేను బోర్డుల మీద పెట్టలేదు, పిల్లలకు అదెందుకు!

రెండో కృతజ్ఞత తూపిలిపాళెం వైపు నుంచి వచ్చిన అన్నకు. 2022లో జిల్లాలు మారాక సముద్రం మన జిల్లాలోకి వచ్చింది, కానీ మనలో ఎంతమంది దాని ఒడ్డున బతికేవాళ్లతో కూర్చుని మాట్లాడాం? వేటకు పోవాల్సిన రోజు మానుకుని, ఆర్టీసీ బస్సులో వచ్చాడు. బోర్డులు నాతో చదివించుకున్నాడు. ఆ రాత్రి కాక్సన్, అంటే పడవ సరంగు, ట్రెవెల్యన్ రిచర్డ్స్ ఒక పదిహేడేళ్ల కుర్రాణ్ని ఎక్కనివ్వలేదు, వాళ్ల నాన్న అప్పటికే పడవలో ఉన్నాడని. ఒక ఇంటి నుంచి ఒక్కరే రావాలన్నాడు. అది వినగానే అన్న ఆపమన్నాడు. "మా నాయన కూడా అంతే సార్. గాలి తేడాగా ఉంటే నన్నూ మా అన్ననూ ఒకే బోటు ఎక్కనిచ్చేవాడు కాదు" అన్నాడు. ఆ మాట విన్నాక పిల్లలు నన్ను వదిలేసి ఆయన చుట్టూ చేరారు. అలను పక్కనుంచి తగలనిస్తే పడవ తిరగబడుతుందని, ముక్కు అలకు ఎదురుగా పెట్టాలని చేత్తో చేసి చూపించాడు. నా బోర్డులన్నీ ఒక ఎత్తు, ఆయన చెయ్యి ఒక ఎత్తు. ఆ పదిహేడేళ్ల కుర్రాడే పెద్దయ్యాక అదే స్టేషన్‌కు కాక్సన్ అయ్యాడని చెబితే అన్న తల ఊపాడు, ఆశ్చర్యపోలేదు.

వడ్రంగి మామకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అడుగుకు అర అంగుళం లెక్కన సాలమన్ బ్రౌన్ బొమ్మ పడవ చెక్కాడు. స్లిప్‌వే పలక మీద పడవ జారకుండా పట్టేస్తుంటే, కొవ్వొత్తి రుద్ది రుద్ది నున్నగా చేశాడు. కొక్కెం తీస్తే చాలు, సర్రున జారి కింద టబ్బులో పడేది. సాయంత్రానికి హాలంతా నీళ్లు, తల్లుల తిట్లు. డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డాడు.

ఫ్లెక్సీలు వేసిన తమ్ముడు సిరా ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. హాలు తాళాలు ఇచ్చి, నేల తుడిపించిన కమిటీవాళ్లకూ, టీ పంపిన అక్కకూ థ్యాంక్స్.

బోర్డులూ పడవా వచ్చే ఆదివారం దాకా హాల్లోనే ఉంటాయి. ఆ తర్వాత ఏ స్కూలుకైనా ఇస్తాం, ఆటో మాత్రం మీరే పెట్టుకోవాలి. టబ్బు పక్కింటివాళ్లది, అది అడగొద్దు.