ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞతలు

ముందు మా ఆఫీసులో నా పక్క సీటు మేడమ్‌కి. మూడు వారాల కిందట నేను కళ్లజోడు తుడిచి తుడిచి విసుక్కుంటుంటే మీరు ఒకటే అడిగారు: "మసక రెండు కళ్లకా, ఒక్కదానికేనా?" అప్పటిదాకా నేను చూసుకోనే లేదు. ఒక్కో కన్నూ అరచేత్తో మూసి చూస్తే ఎడమది బాగానే ఉంది. కుడి కంట్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, చీకట్లో అయితే ఓ మూల మెరుపులు. నొప్పి లేదు, ఎరుపు లేదు. అందుకే రెండు రోజులుగా, పవర్ మారి ఉంటుంది, ఆదివారం చూపించుకుందాం అనుకుంటున్నాను.

"ఆదివారం దాకా ఆగొద్దు, ఇప్పుడే వెళ్లండి" అని నా కంప్యూటర్ మీరే కట్టేశారు. ఆ క్షణంలో కాస్త కోపమొచ్చిన మాట నిజం, క్షమించండి.

చుక్కల మందు వేసి లోపలంతా చూసిన డాక్టర్ గారు రెటీనాకి, అంటే కంటి లోపల వెనకవైపు చూపుని పట్టే పల్చటి పొరకి, చిన్న చిరుగు పడిందన్నారు. కంటి లోపలి జెల్లీ వయసుతో కుంచించుకుపోతూ ఒక్కోసారి రెటీనాని లాగుతుందట. నాలాంటి ఎక్కువ మైనస్ పవర్ వాళ్లకి రెటీనా పల్చగా ఉంటుంది కాబట్టి ముప్పు ఎక్కువ. ఆ చిరుగులోంచి నీరు దూరితే రెటీనా ఊడి వస్తుంది. అప్పుడు చూపుకి ఓ పక్క నుంచి తెర దించినట్టు నీడ కమ్ముతుంది, ఇక ఆపరేషనే. నాది అంతదాకా రాలేదు. అదే రోజు లేజర్‌తో చిరుగు చుట్టూ అతికారు. విసుక్కోకుండా బొమ్మ గీసి చెప్పిన ఆ డాక్టర్ గారికీ నమస్కారం.

ఈ సంగతి తెలిశాక చాలామంది "నాకూ మసకే" అని కంగారుగా ఫోన్ చేశారు. అన్నీ ఇలాంటివి కావు. స్క్రీన్ చూసి చూసి కళ్లు ఆరిపోతే రెప్ప ఆడించగానే తేటపడుతుంది. శుక్లమైతే నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. షుగర్ ఎక్కువ తక్కువలైనా చూపు మారుతుంది, అది కుదురుకోకముందే కొత్త అద్దాలు చేయించుకుంటే దండగ. ఇవన్నీ అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లి చూపించుకునేవే.

ఉన్నట్టుండి వచ్చే మసక వేరు. చూపు హఠాత్తుగా పోయినా, మళ్లీ వచ్చేసినా సరే, ఆగకూడదు. కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కలిసి వస్తే అది ఒక రకం నీటికాసులు (కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా) కావచ్చు. పొట్టలో తేడా అనుకుని మాత్ర మింగి పడుకునే ప్రమాదం అక్కడే ఉంది. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం తోడైతే కంటాసుపత్రి వెతక్కండి, నేరుగా ఎమర్జెన్సీకే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే వాళ్లకి నొప్పితో మసక వస్తే ముందు వాటిని తీసెయ్యాలి.

చివరగా మా అక్కకి. చుక్కల మందుతో గంటల తరబడి అన్నీ అలుక్కుపోయినట్టుంటే, నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అక్కా, ఎల్లుండి మళ్లీ చెకప్ ఉంది. మళ్లీ మందు వేస్తారట, బండి నువ్వే నడపాలి.